చల్లదనం కాపాడేదెంత, గాయపరిచేదెంత

కాలేయ మార్పిడి ఆపరేషన్ గంటల తరబడి సాగుతుంది. అందులో థియేటర్‌లో ఉన్నవాళ్ళంతా మాటలాపేసి ఒకే చోటికి చూసే ఘట్టం ఒకటుంది. కొత్త కాలేయానికి రక్తనాళాలు కుట్టడం పూర్తయింది. మత్తు డాక్టరు మానిటర్ మీంచి చూపు తిప్పకుండానే సిద్ధమంటారు. సర్జన్, కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిర మీద బిగించిన క్లాంప్ తీస్తారు. అప్పటిదాకా పాలిపోయి, గ్లవ్స్‌లోంచి కూడా చల్లగా తగులుతున్న అవయవంలోకి వెచ్చటి రక్తం దూసుకెళ్తుంది. ఒక అంచు నుంచి రంగు తిరగడం మొదలై, చూస్తుండగానే మొత్తం ఎరుపు కలిసిన ముదురు గోధుమ రంగులోకి వస్తుంది. అంతా సవ్యంగా ఉంటే కాసేపటికి పిత్తనాళం చివర పసుపుపచ్చటి పిత్తం చుక్క కడుతుంది. ఆ చుక్క కోసం సర్జన్లు ఎంత ఆశగా చూస్తారో చెప్పలేం.

సరిగ్గా అదే ఘట్టంలో రోగి రక్తపోటు ఉన్నట్టుండి పడిపోవచ్చు. గుండె నెమ్మదించవచ్చు, లయ తప్పవచ్చు. 1987లో పిట్స్‌బర్గ్ వైద్యులు దీనికో పేరు పెట్టి, కొలతా నిర్ణయించారు. రక్తం వదిలిన తొలి 5 నిమిషాల్లో సగటు రక్తపోటు 30 శాతానికి మించి పడిపోయి, కనీసం ఒక నిమిషం పాటు అలాగే ఉంటే అది పోస్ట్ రీపర్‌ఫ్యూజన్ సిండ్రోమ్. మర్నాడు రక్తపరీక్షలో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ ఎంజైములు వందల్లో, ఒక్కోసారి వేలల్లో కనిపిస్తాయి. ఆరోగ్యవంతుడిలో అవి నలభై దాటవు. కాలేయ కణాలు చిట్లి, లోపలి సరుకు రక్తంలోకి కారిందని దాని అర్థం.

ఐస్‌బాక్స్‌లో ఎనిమిది గంటలున్నా చెక్కుచెదరనట్టు కనిపించిన కాలేయం, తనకు ప్రాణాధారమైన రక్తం తగలగానే ఎందుకు దెబ్బతింటోంది? అవయవ మార్పిడి శాస్త్రం అరవై ఏళ్ళుగా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. ఇప్పటికి తేలినదాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే, గాయానికి పునాది చలిలోనే పడుతుంది. అది బయటపడేది మాత్రం వెచ్చబడ్డాక.

1963 మార్చి 1న అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ బృందం మనిషికి తొలిసారి కాలేయం మార్చింది. మూడేళ్ళ బాబు. రక్తస్రావం ఆగక ఆపరేషన్ బల్ల మీదే చనిపోయాడు. ఆ తర్వాత చేసిన కొన్ని ఆపరేషన్లూ విఫలమయ్యాయి. కొంతకాలం ఆపేశారు. 1967లో అదే బృందం చేసిన మార్పిడితో ఒక పసిపాప ఏడాదికి పైగా బతికింది. ఆ రోజుల్లో కాలేయాన్ని నిలబెట్టడానికి చేతిలో ఉన్న ఉపాయం ఒక్కటే. పోర్టల్ సిరలోంచి చల్లటి సెలైన్ లాంటి ద్రవాన్ని పంపి, లోపలి రక్తాన్ని కడిగేసి, అవయవాన్నంతా చల్లబరచడం. ఆ తర్వాత కాలంతో పరుగు పందెమే.

చల్లబరచడం వెనుక ఉన్న లెక్క సులువైనదే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా శరీరంలోని రసాయన చర్యల వేగం సుమారు సగానికి, కొన్నిటిలో అంతకన్నా కిందికి పడిపోతుంది. 37 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దింపితే కణానికి కావలసిన ఆక్సిజన్, ఆహారం పదో వంతుకో ఇంకా తక్కువకో చేరతాయి. రక్తం అందకుండా వేడిగా వదిలేస్తే గంట తిరిగేసరికి చెడిపోవడం మొదలయ్యే అవయవం, చలిలో గంటల తరబడి నిలుస్తుంది. మార్పిడి వైద్యం అంతా ఈ ఒక్క సౌలభ్యం మీద నిలబడి ఉంది.

కానీ తగ్గడం వేరు, ఆగిపోవడం వేరు. పైగా కణంలో పనులన్నీ ఒకే మోతాదులో నెమ్మదించవు. అసలు చిక్కు అక్కడుంది.

ప్రతి కణం పొరలోనూ సోడియాన్ని బయటికి తోస్తూ, పొటాషియాన్ని లోపలికి లాగుతూ ఉండే పంపులుంటాయి. బయటి ద్రవంలో సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఈ తేడా చెడకుండా ఉంచడానికి పంపులు నిమిషం కూడా ఆగకుండా పనిచేయాలి. అందుకు ఇంధనం ఏటీపీ. మనవాడైన యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఇక్కడ తలచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ 1929లో ఏటీపీని వేరుచేసి చూపించారు. ఇంచుమించు అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టారు. కండరం ముడుచుకోవడాన్ని వివరించడానికి వెతుకుతుండగా దొరికిన ఆ అణువే, ఐస్‌బాక్స్‌లో పెట్టిన కాలేయం కథలోనూ ముఖ్యపాత్ర.

రక్తం ఆగితే ఆక్సిజన్ ఆగుతుంది. ఆక్సిజన్ లేకపోతే మైటోకాండ్రియాలు ఏటీపీ తయారు చేయలేవు. ఉన్న నిల్వ కరిగిపోతుంది. చలిలో పంపులు కూడా మొద్దుబారతాయి. పొరలోంచి సోడియం లోపలికి జారడం మాత్రం ఆగదు. సోడియం వెంట క్లోరైడు, వాటి వెంట నీరు వస్తాయి. కణం ఉబ్బుతుంది. ఉబ్బిన కణాలు పక్కనున్న సన్నటి రక్తమార్గాలను నొక్కేస్తాయి. మరోవైపు కాల్షియం పెరుగుతుంది. ఏటీపీ విరుగుతూ విరుగుతూ హైపోజాంథిన్ అనే పదార్థంగా పోగవుతుంది. పైకి చూస్తే కాలేయం నిద్రపోతున్నట్టే ఉంటుంది. లోపల మాత్రం ప్రతి గంటా ఏదో ఒకటి తరుగుతోంది, ఏదో ఒకటి పేరుకుంటోంది.

ఈ వాపును ఆపడమెలా అన్నదే 1970, 80 దశకాల్లో ప్రధాన సమస్య. 1969లో లాస్ ఏంజెలిస్‌లో జెఫ్రీ కాలిన్స్ తదితరులు ఒక ద్రవం తయారు చేశారు. కణం లోపల ఉన్నట్టే ఇందులోనూ పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. నీటిని బయటే పట్టి ఉంచడానికి గ్లూకోజు కలిపారు. మూత్రపిండాలకు అది బాగానే పనికొచ్చింది. కాలేయం దగ్గర బెడిసికొట్టింది. ఎందుకంటే కాలేయ కణంలోకి గ్లూకోజు ఏ అడ్డూ లేకుండా వెళ్ళిపోతుంది, వెంట నీటినీ తీసుకుపోతుంది. అంతటితో పోదు, లోపల లాక్టిక్ ఆమ్లంగా మారి పులుపు పెంచుతుంది. ఆ ద్రవంతో కాలేయాన్ని ఆరు నుంచి ఎనిమిది గంటలకు మించి నిలిపి ఉంచడానికి ఎవరూ సాహసించేవారు కారు. దాత ఒక ఊళ్ళో, రోగి మరో ఊళ్ళో ఉంటే విమానం, అంబులెన్స్, ఆపరేషన్ అన్నీ ఆ గడువులోనే ఇమడాలి. అర్ధరాత్రి సర్జన్లను లేపి పరుగెత్తించడం రివాజుగా ఉండేది.

దీన్ని మార్చినవాడు ఫోల్కర్ట్ బెల్జర్. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండగా కుక్క మూత్రపిండాలను యంత్రానికి తగిలించి, ద్రవం ప్రవహింపజేస్తూ 72 గంటలు కాపాడి చూపించిన సర్జన్ ఆయన. 1974లో మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ జీవరసాయన శాస్త్రవేత్త జేమ్స్ సదర్డ్ తోడయ్యారు. వీళ్ళు ఎంచుకున్న పద్ధతి ఓపికతో కూడినది. చలిలో కణానికి జరిగే ఒక్కో కీడుకూ ఒక్కో విరుగుడు వెతకడం, కలపడం, పరీక్షించడం, పనికిరాకపోతే తీసేయడం.

చివరికి తయారైన ద్రవంలో ఏముందో చూస్తే వాళ్ళ ఆలోచన ఎలా నడిచిందో తెలుస్తుంది. గ్లూకోజు బదులు లాక్టోబయోనేట్ వేశారు. అది పాల చక్కెర నుంచి తయారయ్యే పదార్థం, అణువు పెద్దది, కాలేయ కణంలోకి దూరలేదు. దానికి తోడు రాఫినోస్. పప్పు దినుసుల్లో ఉండి కడుపుబ్బరం తెప్పించే చక్కెర ఇదే. ఇదీ కణంలోకి పోదు, నీటిని బయటే పట్టి ఉంచుతుంది. రక్తనాళాల్లోంచి ద్రవం కణజాలంలోకి ఊరిపోకుండా హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్. తిరిగి రక్తం అందాక ఏటీపీ అల్లుకోవడానికి ముడిసరుకుగా అడినోసిన్. ఆక్సిజన్ దాడిని తట్టుకోవడానికి గ్లూటథయోన్. అల్లోప్యూరినాల్ సంగతి మరీ ఆసక్తికరం. కీళ్ళవాతంలో ఒక రకమైన గౌట్ రోగులు మింగే మాత్ర అది. ఇందాక చెప్పిన హైపోజాంథిన్‌ను యూరిక్ ఆమ్లంగా మార్చే ఎంజైమును అది అడ్డుకుంటుంది. ఆ ఎంజైము ఆక్సిజన్ తగలగానే విషపూరితమైన ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుందని అప్పటికి జో మెక్‌కార్డ్ తదితరుల పరిశోధనలు చెబుతున్నాయి.

ఈ ద్రవంలో కుక్క కాలేయాన్ని 48 గంటలు నిలిపి విజయవంతంగా మార్చినట్టు 1988లో ప్రకటించారు. అదే ఏడాది మనుషుల్లో ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. యూడబ్ల్యూ ద్రవం అని లోకమంతా పిలుచుకునేది దీన్నే. కాలేయాన్ని అవసరమైతే ఇరవై నాలుగు గంటల దాకా నిలపగలిగారు. దూరపు నగరాల మధ్య అవయవాలు పంచుకోవడం, ఒక కాలేయాన్ని బల్ల మీద నింపాదిగా రెండుగా విడదీసి ఇద్దరికి పెట్టడం, అర్ధరాత్రి ఆపరేషన్‌ను తెల్లారాక చేయడం సాధ్యమయ్యాయి. మందుల కంపెనీలు కనిపెట్టిన ఎన్నో ఖరీదైన అణువుల కన్నా ఈ ఉప్పూ చక్కెరల మిశ్రమం ఎక్కువ ప్రాణాలు నిలబెట్టిందంటే అతిశయోక్తి అనిపించదు.

లోపాలూ ఉన్నాయి. ద్రవం చిక్కన. అందులోని పొటాషియం మామూలు రక్తంలో ఉండేదానికి దాదాపు పాతిక రెట్లు. అది ఉన్నపళంగా రోగి గుండెకు చేరితే గుండె ఆగిపోగలదు. అందుకే క్లాంప్ తీసే ముందు కాలేయాన్ని వేరే ద్రవంతోనో, రోగి రక్తం కొంత పోనిచ్చో కడుగుతారు. ఆ కడుగుడు నీళ్ళు శరీరంలోకి వెళ్ళకుండా బయటికి వదిలేస్తారు. జర్మనీలోని గోటింగెన్‌లో బ్రెట్‌ష్నైడర్ గుండె ఆపరేషన్ల కోసం రూపొందించిన పల్చటి హెచ్‌టీకే ద్రవం తర్వాత కాలేయానికీ వాడుకలోకి వచ్చింది. అందులో పొటాషియం తక్కువ.

అయినా ప్రశ్న మిగిలే ఉంది. కణాల వాపును ఇంత బాగా అదుపు చేశాక కూడా, ఎక్కువ గంటలు చలిలో ఉన్న కాలేయాలు మార్పిడి తర్వాత ఎందుకు దెబ్బతింటున్నాయి?

దీనికి జవాబు వెతికినవాళ్ళు చాలాకాలం చూడాల్సిన కణాన్ని చూడలేదు. కాలేయం అనగానే అందరి చూపూ హెపటోసైట్లు అనే అసలు కాలేయ కణాల మీదే. బరువులో అయిదింట నాలుగు వంతులు అవే కదా. పిత్తం చేసేవీ, ప్రోటీన్లు చేసేవీ, విషాలు విరిచేవీ అవే. 1980ల చివర టొరంటోలో స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ బృందం, చాపెల్‌హిల్‌లో జాన్ లెమాస్టర్స్, రొనాల్డ్ థర్మన్‌ల బృందం ఎలుక కాలేయాలను చలిలో ఉంచి సూక్ష్మదర్శినిలో పరిశీలించాయి. చాపెల్‌హిల్ వాళ్ళు ట్రిపాన్ బ్లూ అనే రంగు వాడారు. బతికున్న కణం ఈ రంగును లోపలికి రానివ్వదు. చచ్చిన కణం కేంద్రకం నీలంగా మారుతుంది. ఇరవై నాలుగు గంటలు చలిలో ఉంచిన కాలేయంలో, రక్తప్రసరణను తలపించేలా ఆక్సిజన్ కలిపిన ద్రవం పంపక ముందు నీలం దాదాపు కనిపించలేదు. పంపిన కొద్ది నిమిషాలకే నీలం చుక్కలు వరసగా తేలాయి. అయితే అవి హెపటోసైట్లు కావు. వాటి పక్కనే, రక్తం పారే సన్నటి దారుల గోడల్లో పరచుకున్న లోపలి పొర కణాలు.

ఆ గోడలను దగ్గరగా చూడాలి. కాలేయం లోపల రక్తం పారే దారిని సైనసాయిడ్ అంటారు. ఒక ఎర్రకణం కాస్త సర్దుకుని పోయేంత వెడల్పు. గోడ ఒకే వరస కణాలతో, మరీ పల్చగా ఉంటుంది. ఆ పల్చటి కణాల నిండా చిల్లులు, ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదివేలవ వంతు పరిమాణం. రక్తంలోని ద్రవం ఆ చిల్లుల్లోంచి హెపటోసైట్లకు నేరుగా తగులుతుంది. నిమిషానికి లీటరున్నర రక్తాన్ని కాలేయం జల్లెడ పట్టగలగడానికి ఈ నిర్మాణమే కారణం. మిగతా అవయవాల్లో రక్తనాళాల కింద గట్టి ఆధార పొర ఉంటుంది. ఇక్కడ అది లేదు. అంటే ఈ కణాలు పట్టు తప్పితే కింద ఆపేది ఏమీ లేదు.

చలిలో సరిగ్గా ఆ పట్టే తప్పుతుంది. కణం ఆకారాన్ని నిలిపి ఉంచే లోపలి దారాలు చల్లదనానికి విడిపోతాయి. చాపలా పరచుకుని ఉండాల్సిన కణం ముడుచుకుని గుండ్రబడుతుంది. అంచులు లేస్తాయి. చుట్టూ ఉన్న అంటుకునే పదార్థాన్ని కరిగించే ఎంజైములు విడుదలవుతాయి. ఇంత జరిగినా కణం చావదు, మళ్ళీ వెచ్చబడి రక్తం తోసుకొచ్చినప్పుడు ఊడిపోతుంది. ఊడినచోట ప్లేట్‌లెట్లు వచ్చి అంటుకుంటాయి, తెల్లకణాలు చేరతాయి. సన్నటి దారి పూడుకుపోతుంది. పెద్ద రక్తనాళాల్లో రక్తం బాగానే పారుతున్నా లోపలి వీధుల్లోకి చేరదు. వేడిగా ఉండగా రక్తం ఆగితే ముందు దెబ్బతినేవి హెపటోసైట్లు. చలిలో దాచితే ముందు దెబ్బతినేవి ఈ పొర కణాలు. చల్లదనం గాయాన్ని తగ్గించడంతో ఆగక, గాయపడే కణాన్నే మార్చేసిందన్నమాట. కాలేయ నిల్వ చరిత్రలో ఇంతకన్నా ముఖ్యమైన గమనిక మరొకటి లేదు.

ఆ దారుల్లోనే కుప్ఫర్ కణాలు కాపలా కాస్తుంటాయి. పేగుల నుంచి వచ్చే రక్తంలోని బ్యాక్టీరియాలనూ చెత్తనూ మింగేసే పెద్ద కణాలివి. శరీరంలో ఒకచోట స్థిరపడి ఉండే మాక్రోఫేజ్‌లలో నూటికి ఎనభైకి పైగా కాలేయంలోనే ఉన్నాయి. చలి తర్వాత రక్తం తగలగానే ఇవి రెచ్చిపోతాయి. ఫ్రీ రాడికల్స్, టీఎన్ఎఫ్ వంటి వాపు సంకేతాలు వెదజల్లుతాయి. ఈ పిలుపుకి రోగి రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపుగా వచ్చిపడతాయి. తొలి కొన్ని గంటల్లో జరిగే నష్టం ఒక ఎత్తు. ఆ తర్వాత రెండో రోజు దాకా ఈ న్యూట్రోఫిల్స్ చేసే విధ్వంసం మరో ఎత్తు. రోగనిరోధక వ్యవస్థ కొత్త అవయవాన్ని పరాయిదిగా గుర్తించడానికి ముందే ఇంత రభస జరుగుతుంది. అంతేగాక ఆ గుర్తింపును ఈ రభస మరింత పదునెక్కిస్తుంది.

మరి ఆక్సిజన్ తగలగానే పుట్టే ఆ తొలి ఫ్రీ రాడికల్స్ ఎక్కడివి? గౌట్ మాత్ర అడ్డుకునే ఎంజైమే దోషి అని చాలాకాలం అనుకున్నారు. కథ అంతటితో అయిపోలేదు. 2014లో కేంబ్రిడ్జ్‌లోని మైకేల్ మర్ఫీ, థామస్ క్రీగ్‌ల బృందాలు నేచర్ పత్రికలో మరో దోషిని పట్టిచ్చాయి. అది సక్సినేట్. ఆక్సిజన్ లేని వేళ మైటోకాండ్రియాల్లో ఈ పదార్థం కుప్పపడుతుందని ఎలుకల్లో చూపించారు. గుండె, మూత్రపిండం, మెదడు, కాలేయం అన్నిటిలోనూ ఇదే వరస. ఆక్సిజన్ తిరిగి రాగానే ఆ కుప్పంతా ఒక్కసారిగా దహనమవుతుంది. ఎలక్ట్రాన్లు ముందుకు పోవాల్సింది వెనక్కి ఎదురుతన్ని, కాంప్లెక్స్ 1 అనే చోట ఆక్సిజన్ మీద పడి ఫ్రీ రాడికల్స్‌గా మారతాయి. కరెంటు పోయినప్పుడు ఇంట్లో స్విచ్‌లన్నీ వేసే ఉంచితే, వచ్చీరాగానే హై వోల్టేజీకి ఫ్రిజ్ కాలిపోయినట్టు, ఇక్కడ మైటోకాండ్రియా కాలిపోతుంది. కరెంటు రావడం తప్పు కాదు, వచ్చిన తీరు తప్పు.

ఈ వరస అంతా అన్ని కాలేయాల్లోనూ ఒకేలా నడవదు. యువకుడైన దాత కాలేయం పన్నెండు గంటలు తట్టుకోవచ్చు. కొవ్వు పట్టిన కాలేయం ఆరింటికే చేతులెత్తేయవచ్చు. కొవ్వు చుక్కలతో ఉబ్బిన హెపటోసైట్లు ముందే సైనసాయిడ్లను నొక్కి ఉంచుతాయి. వాటి మైటోకాండ్రియాలు అసలే బలహీనం. ఫ్యాటీ లివర్ ఇంటింటి మాటైపోయిన ఈ రోజుల్లో దానం చేసినా వాడుకోలేని కాలేయాల సంఖ్య పెరగడానికి ఇదొక కారణం.

పిత్తనాళాల సంగతి వేరే. కాలేయానికి రెండు వైపుల నుంచి రక్తం వస్తుంది, మూడొంతులు పోర్టల్ సిర నుంచి, ఒక వంతు ధమని నుంచి. పిత్తనాళాలకు మాత్రం ధమని ఒక్కటే దిక్కు. గుండె ఆగిన తర్వాత అవయవాలు ఇచ్చే దాతల్లో, చలికి ముందే కాసేపు వేడిగా ఉండగానే రక్తం ఆగిపోతుంది. ఆ దెబ్బ మీద చలి దెబ్బ తోడైతే నాళాలు లోపల ఒరుసుకుపోయి, నెలల తర్వాత అక్కడక్కడా సన్నబడతాయి. ఎంజైములు మామూలుకి వచ్చి, రోగి ఇంటికి వెళ్ళి, అంతా బాగుందనుకున్న వేళ కామెర్లు, జ్వరం మొదలవుతాయి. కొందరికి మరోసారి మార్పిడి తప్పదు. ఈ బాధ కళ్ళారా చూసిన వైద్యులే యూరప్‌లో కొత్త దారి వెతికారు.

ఆ దారి యంత్రానిది. బెల్జర్ 1967లో చూపించిన చోటికే కొంత వెనక్కి వెళ్ళడమిది. స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో ఫిలిప్ డుట్కోవ్‌స్కీ, నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో రాబర్ట్ పోర్టె చేసింది వినడానికి చిన్న పనే. కాలేయం ఎప్పటిలాగే ఐస్‌లో ప్రయాణిస్తుంది. మార్పిడికి ముందు ఒకటి రెండు గంటలు, సుమారు పది డిగ్రీల దగ్గరే, ఆక్సిజన్ బాగా కలిపిన ద్రవాన్ని దానిలోంచి పారిస్తారు. ఆ చలిలో మైటోకాండ్రియాలు మేల్కొని పేరుకున్న సక్సినేట్‌ను నెమ్మదిగా, ఎదురుతన్నకుండా ఖర్చు చేసుకుంటాయి. ఏటీపీ నిల్వ మళ్ళీ పెరుగుతుంది. ఆ తర్వాత రక్తం తగిలినా పేలుడుండదు. గ్రోనింగెన్ నాయకత్వంలో గుండె ఆగిన దాతల కాలేయాలతో జరిగిన పరీక్ష 2021లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 156 మంది రోగులు. మామూలు ఐస్ నిల్వతో 18 శాతం మందికి పిత్తనాళాలు సన్నబడే జబ్బు వచ్చింది. రెండు గంటలు యంత్రం మీద పెట్టినవాటిలో అది 6 శాతమే. మూడో వంతుకు తగ్గడమంటే సామాన్య విషయం కాదు.

మరో దారి పూర్తిగా వెచ్చగా ఉంచడం. ఆక్స్‌ఫర్డ్‌లో సర్జన్ పీటర్ ఫ్రెండ్, ఇంజనీరు కాన్‌స్టాంటిన్ కూసియోస్ రూపొందించిన యంత్రంలో కాలేయానికి 37 డిగ్రీల దగ్గర ఎర్రరక్తకణాలు, ఆక్సిజన్, ఆహారం అందుతాయి. శరీరం బయటే అది పిత్తం స్రవిస్తుంది. 2013లో లండన్ కింగ్స్ కాలేజీ ఆస్పత్రిలో ఇలా నిలిపిన కాలేయాన్ని తొలిసారి మనిషికి పెట్టారు. 2018లో నేచర్‌లో వచ్చిన 220 మార్పిడుల పరీక్షలో ఏఎస్‌టీతో కొలిచిన గాయం సగానికి తగ్గింది. పారేయాల్సి వచ్చిన కాలేయాలూ సగమయ్యాయి. నిల్వ సమయం 54 శాతం పెరిగినా ఇది సాధ్యమైంది. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. రోగులు బతికిన కాలంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎంజైము తగ్గడం, ప్రాణం నిలవడం ఒకటి కావు. ఈ యంత్రం అసలు మేలు వేరేచోట ఉంది. కాలేయం పనిచేస్తుందో లేదో పెట్టకముందే తెలుస్తుంది. బర్మింగ్‌హామ్ వైద్యులు, అందరూ వద్దన్న 31 కాలేయాలను యంత్రం మీద పరీక్షించి 22 మందికి పెట్టగలిగారు. ఆ ఇరవై రెండూ చెత్తబుట్టలోకి వెళ్ళాల్సినవి.

జూరిక్‌లో పియర్ అలాన్ క్లావియన్ బృందం మూడు రోజులు యంత్రం మీద ఉంచిన కాలేయాన్ని రోగికి పెట్టి, 2022లో ఆ విషయం ప్రచురించింది. చైనాలోని గ్వాంగ్జౌలో 2017 నుంచి దాత శరీరం నుంచి రోగి శరీరం దాకా రక్తప్రవాహం ఆగకుండానే మార్చే పద్ధతి మొదలైంది, అంటే చలి అన్నదే లేదు. దానికి పూర్తిగా ఎదురు దిక్కులో, మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి పరిశోధకులు గడ్డకట్టకుండా చూస్తూ మైనస్ 4 డిగ్రీల దాకా దింపి, మనిషి కాలేయాలను 27 గంటలు నిలిపినట్టు 2019లో వెల్లడించారు. అది ఇంకా ప్రయోగశాల దశ.

ఇన్ని యంత్రాలొచ్చినా ప్రపంచంలో అనేక కాలేయాలు నేటికీ ఐస్‌బాక్స్‌లోనే ప్రయాణిస్తున్నాయి. యంత్రం ఖరీదు, దాన్ని నడిపే నిపుణులు అన్నిచోట్లా దొరకవు. పద్ధతి పాతదే. ఒకదానిలో ఒకటిగా మూడు స్టెరైల్ సంచులు. లోపలి సంచిలో ద్రవంలో మునిగిన కాలేయం, చుట్టూ చల్లటి సెలైన్, బయట ఐస్. ఐస్ నేరుగా అవయవానికి తగలకూడదు, తగిలినచోట కణజాలం గడ్డకట్టి చెడుతుంది. దాతలో రక్తప్రసరణ ఆపుతూ క్లాంప్ వేసిన సమయం పెట్టె మూత మీద రాసి ఉంటుంది. ఆ అంకె నుంచి మొదలయ్యే లెక్కను కోల్డ్ ఇస్కీమియా టైమ్ అంటారు. పన్నెండు గంటలలోపు, వీలైతే ఎనిమిదిలోపు ముగించాలన్నది ఎక్కువమంది సర్జన్ల పట్టుదల.

మనదేశంలో కాలేయ మార్పిడుల్లో ఎక్కువ భాగం బతికున్న బంధువు తన కాలేయంలో ముక్క ఇవ్వడం ద్వారా జరుగుతున్నాయి. పక్కపక్క థియేటర్లలో ఆపరేషన్లు నడుస్తాయి గనుక చలిలో ఉండే సమయం బాగా తక్కువ. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషి కత్తి కిందికి వెళ్ళాల్సి రావడం చిన్న మూల్యం కాదు. బ్రెయిన్ డెడ్ అయినవారి నుంచి వచ్చే కాలేయాలు పెరిగితేనే ఆ భారం తగ్గుతుంది. అందుకోసం 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన జీవన్‌దాన్ పథకం ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. 2021 ఫిబ్రవరిలో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో గుండెను తరలించడం హైదరాబాద్ వాసులకు గుర్తుండే ఉంటుంది. గుండెకు చలిలో నాలుగు గంటలే గడువు. కాలేయానికి కాస్త ఎక్కువ ఉన్నా, ట్రాఫిక్‌లో పోయిన ప్రతి అరగంటా సైనసాయిడ్ గోడల మీద పడుతుంది. గ్రీన్ చానల్ కోసం పోలీసులు దారి ఆపినప్పుడు విసుక్కోకుండా పక్కకు జరగడం కూడా ఒక రోగి కాలేయాన్ని కాపాడటమే.

1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్‌ను నలుగురు వైద్యుల బృందం, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. ఆ తర్వాత కుటుంబం ఒప్పుకోవాలి. దాత ముందే కార్డు తీసుకుని ఉన్నా ఇంట్లోవాళ్ళ మాటే చెల్లుతుంది. ఆస్పత్రి వరండాలో, ఏడుపుల మధ్య, కొద్ది గంటల్లో తేల్చుకోవాల్సిన నిర్ణయం అది. మీకు అవయవదానం ఇష్టమైతే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోండి. ఆ సంగతి ఇవాళే భార్యకో, భర్తకో, అమ్మానాన్నలకో, పిల్లలకో స్పష్టంగా చెప్పి ఉంచండి.